పాత మారుతి 800: స్టీరియోలో ఈల, ఎఫ్‌ఎంలో టకటక. ఎక్కణ్నుంచి వస్తోంది?

కార్బురేటర్800

బండి 1998 మారుతి 800, ఏసీ, కార్బురేటర్ మోడల్. సెట్టు మామూలు సింగిల్ డిన్: బ్లూటూత్, యూఎస్‌బీ, ఎఫ్‌ఎం. విడిగా ఆంప్లిఫయర్ లేదు. వెనక ట్రే మీద రెండు స్పీకర్లు, అంతే.

ఇంజన్ స్టార్ట్ కాగానే స్పీకర్లలో సన్నగా ఈల మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే గొంతు పైకెళ్తుంది, వదిలితే దిగుతుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేస్తే ఇంకా గట్టిగా వినిపిస్తుంది. వాల్యూమ్ సున్నాకి తెచ్చినా అంతే ఉంటుంది. యూఎస్‌బీలోనూ ఉంది, బ్లూటూత్‌లోనూ ఉంది.

ఎఫ్‌ఎం పెడితే దానికి తోడు టకటకమని ఇంకో చప్పుడు, మూకుట్లో పేలాలు వేగుతున్నట్టు. హైదరాబాద్‌లో 101.9 పెడితే పెద్దగా తెలీదు. ఊరు దాటి సిగ్నల్ సన్నబడేకొద్దీ పాట కన్నా టకటకే ఎక్కువ. ఇంజన్ ఆపి తాళం ఏసీసీలో (సెట్టుకి కరెంటు వచ్చే చోట) ఉంచితే రెండూ ఉండవు.

ఇప్పటికి చూసినవి: ఇదే సెట్టు వేరే బండిలో శుభ్రంగా పాడుతోంది. ఫ్యూజులు బాగానే ఉన్నాయి. ఒక షాపులో నాయిస్ ఫిల్టర్ వేస్తే పోతుందన్నారు, ఇంకో చోట డైనమో మార్చాలన్నారు. నా దగ్గర డిజిటల్ మీటర్, 10, 12 స్పానర్లు, టెస్ట్ ల్యాంపు ఉన్నాయి. దేంతో మొదలుపెట్టమంటారు?

మైక్రోఫారడ్

ఫిల్టర్ ఇప్పుడే కొనకండి, డైనమో జోలికీ వెళ్లకండి. మీకున్నవి రెండు చప్పుళ్లు. రెండింటికీ పుట్టిన చోటు వేరు, సెట్టులోకి వచ్చే దారి వేరు. ఒకే జబ్బనుకుని వెతికితే ఒకటి తగ్గినా రెండోది వినిపిస్తూనే ఉంటుంది, పని జరగలేదనుకుని మళ్లీ మొదటికొస్తారు.

ముందు ఈల సంగతి. మనం డైనమో అంటున్న ఆల్టర్నేటర్‌లో సాధారణంగా 12 పోళ్ల రోటర్, మూడు ఫేజులు, ఆరు మెయిన్ డయోడ్లు ఉంటాయి. రోటర్ ఒక చుట్టు తిరిగితే డీసీ మీద 36 చిన్న అలలు లేస్తాయి. ఐడిలింగ్ 900 ఆర్‌పీఎం, పుల్లీ ఇంచుమించు రెండింతలు తిప్పుతుంది అనుకుంటే రోటర్ సెకనుకి 30 చుట్లు. అంటే అలలు సెకనుకి 1080. మీరు చెప్పిన సన్నటి ఈల అదే. ఇంజన్ 3000 దాటితే 3600, అందుకే కీచుమంటుంది.

ఒక డయోడ్ పోతే ఆరు అలల్లో ఒకటి కుంటుతుంది. అప్పుడు ఐడిలింగ్‌లో 180 దగ్గర బొంగురు రొద కూడా కలుస్తుంది. ఫోన్‌లో ఏదైనా స్పెక్ట్రమ్ యాప్ వేసి స్పీకర్ దగ్గర పెట్టండి. పెద్ద గీత వెయ్యి చుట్టుపక్కల ఉంటే డయోడ్లు బతికే ఉన్నట్టు. రెండొందల దగ్గర ఉంటే డయోడ్ ప్లేటుని అనుమానించాలి. పుల్లీ సైజుని బట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి.

టకటక ఇగ్నిషన్‌ది. మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో రెండు చుట్లకి మూడు స్పార్కులు. 900 ఆర్‌పీఎంలో సెకనుకి ఇరవై రెండున్నర. అందుకే అది ఈలలా సాగదు, విడివిడిగా పేలుతుంది. కార్బురేటర్ 800కి పెట్రోల్ పంపు మెకానికల్, కాబట్టి ఇంజెక్షన్ బండ్లలో వినిపించే పంపు రొదని లెక్కలోంచి తీసెయ్యండి.

ఇక పరీక్షలు. చవకైనవి ముందు.

సిగరెట్ లైటర్ సాకెట్‌లో ఉన్న ఫోన్ చార్జర్, డాష్‌క్యామ్, హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ బల్బులు వేసుంటే అవి, అన్నీ పీకేసి వినండి. చవక చార్జర్లూ ఎల్‌ఈడీ డ్రైవర్లూ ఎఫ్‌ఎం బ్యాండంతా చెత్త పోస్తాయి.

తర్వాత వాల్యూమ్. వాల్యూమ్‌తో పాటు పెరిగే చప్పుడు యాంటెనా, ఆక్స్, యూఎస్‌బీ వైపు నుంచి వస్తున్నట్టు. వాల్యూమ్‌తో సంబంధం లేకుండా నిలబడేది పవర్ వైరు నుంచో, ఎర్త్ నుంచో, స్పీకర్ వైర్ల నుంచో వస్తున్నట్టు. మీ ఈల ఈ రెండో రకం. చాలామందికి ఫోన్‌ని చార్జింగ్‌లో పెట్టి ఆక్స్ వైరు గుచ్చితే ఈల వస్తుంది, అది ఎర్త్ లూపు (ఎర్త్ రెండు దారుల్లో కలవడం వల్ల వచ్చే చప్పుడు). మీకు బ్లూటూత్‌లోనూ, సున్నా వాల్యూమ్‌లోనూ ఉంది కాబట్టి అది కాదు.

ఆ తర్వాత యాంటెనా జాక్ సెట్టు వెనక నుంచి పీకండి. ఎఫ్‌ఎంలో టకటక పోతే దారి యాంటెనాయే. ఈల కూడా కొంచెం మారిందంటే సెట్టు ఎర్త్ సరిగ్గా లేక కరెంటు యాంటెనా జాలీ (కేబులులో చుట్టూ ఉండే లోహపు అల్లిక) మీదుగా వెళ్తోందని అర్థం.

అన్నిటికన్నా ఖచ్చితమైనది వేరే బ్యాటరీ పరీక్ష. ఇంట్లో యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ చాలు. సెట్టు బయటికి లాగి పాత గుడ్డలో చుట్టండి, దాని బాడీ కారు ఇనుముకి ఎక్కడా తగలకూడదు. యాంటెనా పీకేసి ఉంచండి. పసుపు, ఎరుపు వైర్లు 5 ఆంపుల ఫ్యూజు ద్వారా ఆ బ్యాటరీ ప్లస్‌కి, నలుపు మైనస్‌కి. కారు వైర్లకి టేపు చుట్టండి. స్పీకర్ వైర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంచి ఇంజన్ స్టార్ట్ చెయ్యండి. ఈల పోతే అది పవర్ లేదా ఎర్త్ దారిలో వస్తోంది. అప్పుడూ ఉంటే స్పీకర్ వైర్లలో పుడుతోంది.

ఒక్క హెచ్చరిక. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి డైనమో చూసే పాత అలవాటు వద్దు. ఆ క్షణంలో వోల్టేజ్ ఎగిరి సెట్టూ, డైనమోలోని కటౌటూ (వోల్టేజ్ రెగ్యులేటర్) రెండూ పోవచ్చు.

ఆటోనగర్ వైండింగ్

పై మాటలన్నీ నిజమేనండీ. నేను మీటర్ పని చెబుతా.

ఇంజన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు డిమ్‌లో, బ్లోయర్ ఫుల్‌లో పెట్టి, ఇంజన్ 2000 దగ్గర నిలబెట్టండి. లోడు లేకుండా తీసిన కొలత దేనికీ పనికిరాదు.

బ్యాటరీ మీద డీసీ: 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి.

అక్కడే ఏసీ వోల్టేజ్: 0.1 లోపు ఉంటే నిశ్చింత. 0.5 దాటిందంటే డయోడ్ ప్లేటు విప్పాల్సిందే. అయితే పసుపు రంగు చవక మీటరుతో ఈ కొలత తియ్యొద్దు. దానికి ఏసీలో అన్నిటికన్నా చిన్న రేంజి 200 వోల్టులు, చూపించేది ఒక్క దశాంశం. పైగా డీసీని కూడా ఏసీ అనుకుని 28, 30 అని చూపిస్తుంది, ప్రోబులు తిప్పి పెడితే సున్నా అంటుంది. అది చూసి బెదిరి డైనమో విప్పినవాళ్లు ఉన్నారు. ఏసీలో 2 వోల్టుల రేంజో, ఆటో రేంజో ఉన్న మీటరు అడిగి తెచ్చుకోండి.

డైనమో వెనక లావు బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్‌కి, డీసీలో: 0.2 లోపు.

ఇంజన్ బ్లాక్ నుంచి బ్యాటరీ మైనస్‌కి: 0.1 లోపు.

సెట్టు నల్ల వైరు నుంచి బ్యాటరీ మైనస్‌కి: 0.1 లోపు. ముందు సెట్టు ఒక్కటే ఆన్ చేసి కొలవండి, తర్వాత లైట్లు, బ్లోయర్ వేసి కొలవండి. రెండింటికీ తేడా ఎంతో రాసుకోండి. ఈ తేడాలోనే మీ దొంగ ఉంటాడు.

ఇంకొకటి గమనించండి, దీనికి మీటరు అక్కర్లేదు. రాత్రి హెడ్‌లైట్లు వేసినప్పుడు టెంపరేచర్ ముల్లు గానీ పెట్రోల్ ముల్లు గానీ కాస్త కదులుతోందా? ఇండికేటర్ వేస్తే ముల్లు దానితో పాటు ఊగుతోందా?

కార్బురేటర్800

ఇద్దరికీ ధన్యవాదాలు. కొలతలు ఇవీ.

ఇంజన్ ఆపి ఉండగా బ్యాటరీ 12.5. ఐడిలింగ్‌లో 14.1. లోడు వేసి 2000 దగ్గర 13.6. ఏసీ 0.06, ఆటో రేంజి మీటరుతోనే తీశాను. డైనమో బోల్టు నుంచి ప్లస్‌కి 0.12. బ్లాక్ నుంచి మైనస్‌కి 0.04.

సెట్టు నల్ల వైరు నుంచి మైనస్‌కి: సెట్టు ఒక్కటే ఉన్నప్పుడు 0.07. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేస్తే 0.41.

ఫోన్ యాప్‌లో ఐడిలింగ్‌లో పెద్ద గీత 1050 దగ్గర. యాంటెనా పీకితే టకటక పూర్తిగా పోయింది, ఈల కొద్దిగా మారింది. యూపీఎస్ బ్యాటరీతో ఈల అస్సలు లేదు. హెడ్‌లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు గీత మందం పైకి లేస్తోంది, మీరు అడిగేదాకా పట్టించుకోలేదు.

అన్నట్టు, నల్ల వైరు నుంచి బ్యాటరీ మైనస్‌కి మీటరు ఓమ్స్‌లో పెడితే 0.3 చూపిస్తోంది, బీప్ కూడా కొడుతోంది. మరి ఎర్త్ బాగున్నట్టే కదా?

మైక్రోఫారడ్

బీప్‌ని నమ్మకండి. ఆ 0.3 ఓములు చాలావరకు మీ ప్రోబు వైర్లవే. రెండు ప్రోబులు ఒకదానికొకటి ఆనించి చూడండి, ఇంచుమించు అదే వస్తుంది.

లెక్క ఇలా వెయ్యండి. రెండు 55 వాట్ల బల్బులు, పార్కింగ్ లైట్లు, బ్లోయర్ ఫుల్లు, అన్నీ కలిపి సుమారు 18 ఆంపులు. దాని వల్ల పెరిగిన వోల్టేజ్ 0.34. భాగిస్తే ఓములో యాభయ్యో వంతు కూడా లేదు. మామూలు మీటరు ఓమ్స్ రేంజిలో అంత చిన్నది కనపడే ప్రశ్నే లేదు. లోడు పెట్టి వోల్టేజ్ కొలిస్తేనే దొరుకుతుంది. తుప్పు పట్టిన లగ్గులో (వైరు కొసన బోల్టుకి బిగించే లోహపు ముక్క) పది పోగులు మిగిలినా బీప్ మోగుతుంది, 18 ఆంపులు మాత్రం హాయిగా పోవు.

డైనమో బాగుంది. ఏసీ 0.06, గీత వెయ్యి దగ్గర, చార్జింగ్ 13.6. దాన్ని ముట్టుకోవద్దు.

మరి ఈల ఎందుకంటే, ఆ అలలు బాగున్న డైనమోలోనూ ఉంటాయి. వాటిని మింగేది బ్యాటరీ. కారులో అన్నిటికన్నా పెద్ద కండెన్సర్ అదే. సెట్టుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య దారి ఇరుకైపోతే సెట్టుకి ఆ కండెన్సర్ దూరమైపోతుంది. లైట్ల కరెంటూ, బ్లోయర్ మోటార్ గరగరా, డైనమో అలలూ ఆ ఇరుకు చోట కలిసి సెట్టు సప్లైలోకి ఎక్కుతాయి. మంచి సెట్లు కొంత వరకు తట్టుకుంటాయి, చవకవి తట్టుకోవు. మీ సెట్టు వేరే బండిలో శుభ్రంగా పాడింది కూడా ఇందుకే.

ఇప్పుడు ఆ 0.41ని రెండు ముక్కలు చెయ్యండి. డాష్‌బోర్డ్ కింద పెయింటు లేని ఒక బాడీ బోల్టు చూసుకోండి. లోడు మీదే, నల్ల వైరు నుంచి ఆ బోల్టుకి ఒక కొలత, ఆ బోల్టు నుంచి బ్యాటరీ మైనస్‌కి ఒక కొలత. ఏ ముక్కలో ఎక్కువుంటే జబ్బు అక్కడ.

యాంటెనా బాబాయ్

వాళ్లు ఈల సంగతి చూస్తున్నారు కాబట్టి నేను పేలాల సంగతి చూస్తా.

స్పార్కు పడ్డ ప్రతిసారీ ప్లగ్గుకి వెళ్లే హెచ్‌టీ (హై టెన్షన్) వైరు చిన్న రేడియో స్టేషన్‌లా పనిచేస్తుంది. దాని నోరు నొక్కడానికి కంపెనీ వాళ్లు రెండు చోట్ల రెసిస్టెన్స్ పెడతారు: ప్లగ్గులో ఒకటి, వైరులో ఒకటి. పాతికేళ్లలో చేతులు మారిన బండిలో ఈ రెండూ ఉంటాయన్న నమ్మకం లేదు.

ప్లగ్గు నంబరులో ఆర్ అక్షరం ఉందో లేదో చూడండి. ఉదాహరణకి ఎన్‌జీకేలో బీపీ6ఈఎస్ అంటే రెసిస్టర్ లేనిది, బీపీఆర్6ఈఎస్ అంటే ఉన్నది. లోపల సుమారు 5 కిలో ఓములు ఉంటుంది. మీటరుతో పైన టెర్మినల్‌కీ, కింద మధ్య ఎలక్ట్రోడ్‌కీ కొలవండి. సున్నా వస్తే మామూలు ప్లగ్గు. కొత్తవి కొనేటప్పుడు హీట్ రేంజి అంకె మీ బండి మాన్యువల్లో ఉన్నదే ఉంచండి, ఆర్ ఒక్కటే కలపండి.

హెచ్‌టీ వైర్లు ఒక్కొక్కటే విప్పి రెండు చివర్లకీ కొలవండి. కార్బన్ వైరుకి పొడవుని బట్టి కొన్ని కిలో ఓములు రావాలి. సున్నా దగ్గర ఉంటే లోపల రాగి తీగ, రేడియోకి అది శత్రువు. ఏమీ చూపించకపోతే లోపల తెగింది, స్పార్కు ఆ సందులో దూకుతోంది. అప్పుడు టకటకతో పాటు మిస్సింగ్ కూడా ఉంటుంది. రాత్రి చీకట్లో బోనెట్ ఎత్తి, స్ప్రే సీసాతో వైర్ల మీద సన్నగా నీళ్లు చల్లి చూడండి. నీలంగా మెరిస్తే ఇన్సులేషన్ పోయినట్టు. చేతులు దూరంగా పెట్టుకోండి, ఫ్యాన్ బెల్టు పక్కనే ఉంటుంది.

డెల్కో (డిస్ట్రిబ్యూటర్) మూత విప్పి, మధ్యలో ఉండే కార్బన్ బొడిపె స్ప్రింగు మీద ఆడుతోందా, రోటర్ కొస నల్లగా తినేసిందా చూడండి. ఆ సందు పెరిగేకొద్దీ రేడియో గోల పెరుగుతుంది. లోపల పాయింట్లు ఉన్న డెల్కో అయితే దాని కండెన్సర్ కూడా కొలవాలి, 0.2 మైక్రోఫారడ్ చుట్టుపక్కల ఉండాలి.

కాయిల్‌కి నాయిస్ కండెన్సర్ పెడదామనుకుంటే ప్లస్ టెర్మినల్ నుంచి బాడీకి మాత్రమే. మైనస్‌కి పెడితే స్పార్కు బలహీనమై బండి ఈడుస్తుంది, ఒక్కోసారి స్టార్టే కాదు.

తర్వాత యాంటెనా. చప్పుడు పుట్టడం ఒక ఎత్తు, దాన్ని పట్టుకునేది ఒక ఎత్తు. జాక్ సెట్టు నుంచి పీకి, దాని బయటి లోహం నుంచి బాడీకి ఓమ్స్ కొలవండి. ఒక ఓము లోపు ఉండాలి. మధ్య పిన్ను నుంచి బయటి లోహానికి అసలు ఏమీ చూపించకూడదు. బేస్ కింద తుప్పు పడితే జాలీ ఎర్త్ పోతుంది. అప్పుడు కేబులంతా యాంటెనాలా మారి డాష్‌బోర్డ్ వెనక ఉన్న గోలంతా ఏరుకొస్తుంది.

చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో తేలకపోతే సెల్లు మీద నడిచే చిన్న పాకెట్ రేడియో పట్టుకోండి. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట పెట్టి, బోనెట్ ఎత్తి, కాయిల్, డెల్కో, డైనమో, వైపర్ మోటార్ దగ్గరికి ఒక్కొక్కటిగా తీసుకెళ్లండి. గోల ఎక్కడ పెరిగితే అక్కడ ఆగండి. రేడియోని తిప్పి చూస్తే దిక్కు కూడా తెలుస్తుంది, లోపలి ఫెర్రైట్ కడ్డీకి ఒక వైపు చెవుడు.

కార్బురేటర్800

రెండు ముక్కలు: నల్ల వైరు నుంచి బాడీ బోల్టుకి 0.05. బాడీ బోల్టు నుంచి బ్యాటరీ మైనస్‌కి 0.36.

ప్లగ్గుల మీద ఆర్ లేదు. హెచ్‌టీ వైర్లు నాలుగూ సున్నా చూపిస్తున్నాయి. యాంటెనా జాలీ నుంచి బాడీకి 12 ఓములు.

ఆటోనగర్ వైండింగ్

దొరికాడు. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి వెళ్లే పట్టీ. లావు కేబులు ఇంజన్‌కి వెళ్తుంది, అది బాగుంది కాబట్టే సెల్ఫ్ చక్కగా తిరుగుతోంది, ఎవరికీ అనుమానం రాలేదు. బాడీకి వెళ్లే సన్న వైరు చివర బ్యాటరీ యాసిడ్ ఆవిరికి తినేసి ఉంటుంది.

విప్పే ముందు నిర్ధారణ చేసుకోండి. జంపర్ కేబులు ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస గీకి మెరిసే బాడీ బోల్టుకి. ఇంజన్ ఆన్‌లో, లైట్లు వేసి వినండి. ఈల పడిపోతే ఇంక ఆలోచించక్కర్లేదు.

పని ఇలా. తాళం తీసేసి ముందు మైనస్ టెర్మినల్ విప్పండి, తర్వాతే ప్లస్. బ్యాటరీ పక్కకి పెట్టండి. పట్టీ బాడీకి కలిసే చోట తెల్లగా, ఆకుపచ్చగా పొక్కు కనిపిస్తుంది. గ్లాసు నీళ్లలో చెంచాడు వంట సోడా కలిపి పొయ్యండి, పొంగడం ఆగాక మంచి నీళ్లతో కడిగి ఆరనివ్వండి. బ్యాటరీ మూతల్లోకి మాత్రం సోడా నీళ్లు పోనివ్వొద్దు.

పాత పట్టీకి అతుకులు వెయ్యకండి. లగ్గు దగ్గర ఇన్సులేషన్ రెండంగుళాలు చీల్చి చూస్తే లోపల రాగి నల్లగా ఉంటుంది, యాసిడ్ పోగుల వెంట పైకి పాకుతుంది. నల్ల రాగి మీద టంకం అంటదు, అంటినా నిలవదు. 16 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు అర మీటరు, రెండు రాగి లగ్గులు కొనండి. లగ్గుని సుత్తితో కొట్టకుండా షాపులో హైడ్రాలిక్ ప్రెస్సుతో నొక్కించండి. ఆటోనగర్‌లో గానీ మీ ఊళ్లో ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే షాపులో గానీ నిమిషంలో అయిపోతుంది.

బాడీ మీద లగ్గు కూర్చునే చోట గుండ్రంగా పెయింటు, తుప్పు గీకి తెల్ల ఇనుము తేల్చండి. లగ్గుకీ బాడీకీ మధ్య పళ్లున్న వాషరు వెయ్యండి. బోల్టు బిగించాక పైనుంచి గ్రీజో వ్యాజిలినో పూయండి. ముందే పూసి బిగించేవాళ్లున్నారు, అది తప్పు అనను గానీ ఇనుము ఇనుమూ కలిశాక పూస్తే మంచిది. పనిలో పనిగా ఇంజన్ నుంచి బాడీకి ఇంకో 10 స్క్వేర్ పట్టీ వేసేయండి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, కాబట్టి ఆ పట్టీ కాస్త వదులుగా ఉండాలి, బిగుతుగా లాగితే ఆరు నెలల్లో తెగుతుంది.

బ్యాటరీ పెట్టేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. గడియారం, సెట్టులో స్టేషన్లు పోతాయి, అంతకి మించి ఈ బండిలో మరిచిపోయేదేమీ లేదు.

బేస్_బుజ్జి

ఇంత కష్టమెందుకు బ్రదర్, ఫిల్టర్ కొని పసుపు వైరులో వేస్తే పోదా? కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది కదా.

మైక్రోఫారడ్

దొరుకుతుంది బుజ్జీ. దాన్లో ఉండేది ఒక చోక్ కాయిలు, ఒక ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్. ప్లస్ వైరులో వచ్చే అలని కాయిలు ఆపుతుంది, మిగిలినదాన్ని కండెన్సర్ ఎర్త్‌కి పంపుతుంది. ఇక్కడ చెడిపోయిందే ఎర్త్. మురుగుకాలవ పూడిపోయినప్పుడు కొళాయికి వడకట్టు పెట్టినట్టు ఉంటుంది. ఈల కొంత తగ్గొచ్చు, కానీ హెడ్‌లైట్లు మందంగానే ఉంటాయి, ముళ్లు అబద్ధం చెబుతూనే ఉంటాయి. పైగా 3 ఆంపులదని తెలియక చిన్న ఫిల్టర్ వేస్తే చోక్ వేడెక్కి, బేస్ కొట్టినప్పుడల్లా వోల్టేజ్ పడుతుంది. అన్నీ సరిచేశాక కూడా ఈల మిగిలితే అప్పుడు 10 ఆంపులది వేసుకోవచ్చు, సెట్టుకి అడుగు దూరంలోపు.

ఆర్‌సీఏ వైర్లకి పెట్టే ఐసొలేటర్ వేరే వస్తువు, అది విడి ఆంప్లిఫయర్ ఉన్నవాళ్లకి. ఈయనకి అక్కర్లేదు.

కార్బురేటర్800

జంపర్ కేబులు పెట్టగానే ఈల పడిపోయింది. పట్టీ మార్చాను. పాత పట్టీ లగ్గు చేత్తో లాగితే ఊడి వచ్చింది, నాలుగైదు పోగుల మీద నిలబడి ఉంది. ఇప్పుడు లోడు మీద బాడీ నుంచి మైనస్‌కి 0.03. టెంపరేచర్ ముల్లు కదలడం లేదు.

ఆర్ ప్లగ్గులు, కార్బన్ హెచ్‌టీ వైర్లు వేశాను, యాంటెనా బేస్ విప్పి గీకాను, జాలీ నుంచి బాడీకి 0.4 ఓములు. ఎఫ్‌ఎంలో టకటక ఊరి బయట కూడా లేదు.

మిగిలినవి రెండు. ఒకటి, రాత్రి పూట చాలా నిశ్శబ్దంగా ఉంటే ఎడమ స్పీకర్‌లో మాత్రం చెవి పెట్టి వింటే సన్నటి ఈల. కుడి దాన్లో అస్సలు లేదు. రెండు, వైపర్ వేస్తే ఎఫ్‌ఎంలో జర్రుమంటుంది.

ఆటోనగర్ వైండింగ్

వైపర్‌ది కార్బన్ బ్రష్షుల నిప్పురవ్వ. ముందు మోటార్ బ్రాకెట్ ఎర్త్ చూడండి, అది రబ్బరు బుష్షుల మీద కూర్చుంటుంది కాబట్టి విడిగా ఎర్త్ వైరు ఉంటుంది, దాని స్క్రూ తుప్పు పడుతుంది. ఆ తర్వాత బ్రష్షులు అరిగాయేమో, కమ్యుటేటర్ (బ్రష్షులు రాసుకునే రాగి పలకలు) సందుల్లో కార్బన్ పొడి నిండిందేమో. పొడిని సన్న పుల్లతో తీసి, పెట్రోలు కాకుండా కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి. అప్పటికీ ఉంటే మోటార్ దగ్గరే ప్లస్ నుంచి బాడీకి 0.47 మైక్రోఫారడ్, 100 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్. రెండు స్పీడులు కాబట్టి రెండు వైర్లకీ ఒక్కోటి. కాళ్లు పొట్టిగా ఉంచండి, పొడవు కాళ్ల కండెన్సర్ ఎఫ్‌ఎంకి పనిచెయ్యదు.

మైక్రోఫారడ్

ఒక స్పీకర్‌లోనే ఉందంటే సప్లై కాదు, ఆ స్పీకర్ వైరే.

ఈ కాలం సెట్లలో స్పీకర్ మైనస్ అంటే ఎర్త్ కాదు. రెండు వైర్లూ సెట్టు లోపలి ఐసీ నుంచే వస్తాయి, రెండింటి మీదా సప్లైలో సగం, 6 నుంచి 7 వోల్టులు నిలబడి ఉంటుంది. పాత బండ్లలో స్పీకర్ మైనస్‌ని దగ్గర్లో ఉన్న స్క్రూకి కట్టేసే అలవాటుండేది. కొత్త సెట్టు వేసినప్పుడు ఆ ముడి విప్పకపోతే సెట్టు ప్రొటెక్షన్‌లోకి వెళ్తుంది, లేదా ఐసీ కాలుతుంది. మీది పాడుతోంది కాబట్టి నేరుగా తగలడం లేదు. తడిసిన చోట లీకేజో, పక్క వైరు నుంచి ఎక్కుతున్నదో అయి ఉంటుంది.

సెట్టు కప్లర్ పీకి, స్పీకర్ దగ్గర కూడా రెండు వైర్లూ విప్పండి. ఎడమ వైరు ఒక్కోదాని నుంచి బాడీకి 2 మెగా ఓముల రేంజిలో కొలవండి. ఏమీ చూపించకూడదు. ఏదైనా అంకె కనిపిస్తే డోర్ గడప కింద ప్లాస్టిక్ పట్టీ ఎత్తండి, ఎక్కువగా అక్కడే స్క్రూ కింద నలుగుతుంది, లేదా వెనక సీటు అంచు ఇనుము కోస్తుంది. చెడ్డ ముక్క కోసి అతికి హీట్ ష్రింక్ వెయ్యండి, ఉత్త టేపు వేసవి ఎండకి జిగురై ఊడుతుంది.

ఏమీ చూపించకపోతే వైరు దారి చూడండి. వెనక లైట్లకీ, పెట్రోల్ గేజికీ వెళ్లే వైర్ల కట్టతో ఎడమ స్పీకర్ వైరుని కలిపి టేపు చుట్టేసి ఉంటారు. దాన్ని విడదీసి జానెడు దూరంలో వేరుగా తీసుకెళ్లండి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి. రెండు పోగుల్నీ అంగుళానికో మెలిక చొప్పున పురి వేసి లాగితే మిగిలిన కాస్తా పోతుంది. 1 స్క్వేర్ వైరు చాలు.

కార్బురేటర్800

ఎడమ గడప కింద స్క్రూ వైరు మధ్యలోంచి దిగి ఉంది. ఒక పోగు నుంచి బాడీకి 380 కిలో ఓములు చూపించింది. కోసి అతికాక ఏమీ చూపించడం లేదు, ఈల కూడా లేదు. వైపర్ మోటార్ ఎర్త్ స్క్రూ గీకి బిగిస్తే జర్రు సగం తగ్గింది. ఫిల్మ్ కండెన్సర్లు రెండు తెచ్చి వేస్తాను.

ఆటోనగర్ వైండింగ్

మోటార్ ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి గేర్ల పెట్టె మూత తీసి పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టండి. ఎండిన గ్రీజుకి మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది, బ్రష్షుల దగ్గర రవ్వ కూడా అందుకే పెద్దదవుతుంది. కండెన్సర్ వేసే ముందు ఇది చేసి వినండి, ఒక్కోసారి దాని అవసరమే పడదు.